జీడితోటకు పంపే ముందు: ఇంటి కుక్కను వేరేవాళ్ళకు ఇవ్వడం ఎప్పుడు సరైనది?

అమ్మా, మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెబుతాను, చదివే మిగతావాళ్ళకీ సంగతి తెలుస్తుంది. పర్లాకిమిడిలో ఉమ్మడి గోడల పాత ఇల్లు. మామగారు ముచ్చటపడి తెచ్చుకున్న లాబ్రడార్, బ్రౌనీ, ఇప్పుడు అయిదేళ్ళవాడు. మామగారు పోయిన ఏడాది కాలం చేశారు. మీవారికి రాయగడలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారకుండానే బయల్దేరాలి. అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. ఏడాదిన్నర బాబు ఇప్పుడిప్పుడే ఇల్లంతా తిరుగుతున్నాడు. బ్రౌనీ వాడి మీద రెండుసార్లు గుర్రుమన్నాడు. మొన్న బాబు చెవి పట్టుకుని లాగితే నోరు వేశాడు, చెంప మీద గీత పడింది, రక్తం రాలేదు. అత్తగారు ‘మా తమ్ముడి జీడితోటకి పంపించేయండి’ అంటున్నారు. మీవారు ‘నాన్న కుక్క, ఇవ్వను’ అంటున్నారు. ఇచ్చేస్తే పాపమా, ఇవ్వడం ఎప్పుడు సరైనది అని మీ ప్రశ్న.

గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు పశువుల ఆస్పత్రుల్లోనే నా ఉద్యోగం గడిచింది. ఆవులూ మేకలూ కాక నా ముందుకు ఎక్కువగా వచ్చినవి ఇంటి కుక్కలే. వాటిని పట్టుకొచ్చినవాళ్ళు మందు రాయించుకున్నాక గుమ్మం దగ్గర ఆగి అడిగే ప్రశ్న కూడా చాలాసార్లు ఇదే. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు బాబు సంగతి. రక్తం రాలేదు కదా అని ఊరుకోవద్దు. పంటి గీత పడితే, రక్తం లేకపోయినా, వైద్యంలో దాన్ని రెండో తరగతి గాయంగా లెక్కగట్టి రేబిస్ టీకా మొదలుపెడతారు. రక్తం కనబడితే మూడో తరగతి, అప్పుడు టీకాతో పాటు గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే, వైరస్‌ని అప్పటికప్పుడే అడ్డుకునే మందు కూడా వెయ్యాలి. గాయం తగిలిన వెంటనే సబ్బు పెట్టి, ధారగా పడే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలి. సున్నం, కారం, పసుపు ఏదీ పెట్టకూడదు. ఈరోజే ప్రభుత్వాస్పత్రికి తీసుకెళ్ళండి, అక్కడ ఈ టీకాకి డబ్బు తీసుకోరు. కండలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 14, 28 రోజుల్లో, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజుల్లో వేస్తారు. బ్రౌనీ టీకాల కార్డు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించండి. బాబుకి ఎన్ని డోసులు కావాలో ఆయన చెప్పాలి, ఇంట్లో పెద్దవాళ్ళు తేల్చే విషయం కాదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషిని దాదాపు ఎవరూ బతికించలేరు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దీంతోనే ముడిపడిన ఇంకో మాట. నోరు వేసిన రోజు నుంచి పది రోజుల పాటు కుక్క మీ కళ్ళ ముందే ఉండాలి. లాలాజలంలో రేబిస్ వైరస్ ఉన్న కుక్క ఆ పది రోజుల్లోపే జబ్బుపడి చనిపోతుంది. పది రోజులయ్యాక కూడా చలాకీగా తింటూ తిరుగుతుంటే, కరిచిన నాడు దాని లాలాజలంలో వైరస్ లేనట్టే. కోపంలో మర్నాడే ఆటో ఎక్కించి తోటకి తోలేస్తే ఈ ఆధారం చేజారిపోతుంది. అది తప్పిపోయిందో, చచ్చిపోయిందో, ఎందుకు చచ్చిపోయిందో తెలియక నెలల తరబడి కుమిలిపోయిన తల్లుల్ని చూశాను. కాబట్టి ఏ నిర్ణయమైనా ఈ పది రోజుల తర్వాతే.

ఈలోగా బ్రౌనీని పశువుల డాక్టరుకి చూపించండి. అయిదేళ్ళు నిమ్మళంగా ఉన్న కుక్క ఉన్నట్టుండి గుర్రుమంటోందంటే నేను మొదట వెతికేది నొప్పిని. అందులోనూ చెవి పట్టుకుంటే నోరు వేసిందని మీరే రాశారు. లాబ్రడార్ చెవి మూసుకుని వేలాడుతుంది, లోపలికి గాలి ఆడదు, మన వైపు వానాకాలపు తేమకి ఇట్టే చెడిపోతుంది. ఇలాంటి కుక్కని బల్ల మీదికి ఎక్కించి, మూతికి గుడ్డ కట్టి, చెవి మడత వెనక్కి తిప్పితే లోపల ముదురు గోధుమరంగు జిగట పేరుకుని ఉంటుంది, పులిసిన వాసన గుప్పుమంటుంది. చెవి మొదట్లో బొటనవేలితో మెల్లగా నొక్కితే చాలు, వెనక కాలు గాల్లోనే గోకడం మొదలుపెడుతుంది. అంత సలుపుతున్న చెవిని పసివాడు రెండు చేతులా పట్టుకుని వేలాడితే ఏమవుతుంది? మీరు మాత్రం చెవి ఎత్తి చూడబోకండి. తల ఒక పక్కకి వాలుస్తున్నాడా, పదేపదే విదిలిస్తున్నాడా, గోడకి రాస్తున్నాడా, ఇవి దూరం నుంచి గమనించి డాక్టరుకి చెప్పండి. తుంటి కీళ్ళు, పళ్ళు, పిడుదుల వల్ల వచ్చే జ్వరం, ఇవన్నీ కూడా చూడమనండి. ఇంట్లో ఉన్న నొప్పి మాత్రలు మాత్రం వెయ్యకండి. మనుషులు వేసుకునే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కుక్కల కడుపులో పుళ్ళు పెడతాయి, మూత్రపిండాల్ని పాడుచేస్తాయి.

గుర్రుమన్నందుకు కొట్టారా? మీరు రాయలేదు, కానీ చాలా ఇళ్ళలో చెప్పుతోనో చీపురుతోనో ఒక దెబ్బ వేస్తారు. వద్దమ్మా. గుర్రుమనడమంటే ‘నాకు ఇబ్బందిగా ఉంది, వీణ్ణి తీసెయ్యండి’ అని కుక్క మీతో చెప్పుకోవడం. దెబ్బ తిన్న కుక్క ఆ చెప్పడం మానేస్తుంది, ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది. ‘ఏ హెచ్చరికా లేకుండా కరిచింది’ అని వచ్చే కుక్కల్లో చాలావాటిని మనుషులే అలా తయారుచేశారు. గుర్రుమనే ముందు కూడా సంకేతాలుంటాయి. ఒళ్ళు బిగుసుకుపోవడం, మొహం పక్కకి తిప్పుకోవడం, ఊరికే పెదాలు నాక్కోవడం, కంటి తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూడటం. ఇవి కనబడగానే బాబుని ఎత్తుకోండి.

ఇక అసలు ప్రశ్న. ‘మాకు దాని మీద ప్రేమ ఉంది, ఎలా ఇస్తాం’ అని ఒకరు, ‘ప్రేమ ఉంటే ఇస్తారా’ అని ఇంకొకరు. ఈ వాదనకి అంతు ఉండదు, తేలేదీ ఉండదు. నేను అడిగేది దాని రోజు గురించి. ఈ ఇంట్లో ఈ కుక్క రోజు ఇప్పుడు ఎలా గడుస్తోంది? ఆరు నెలల తర్వాత ఎలా గడుస్తుంది? మీరు పంపాలనుకుంటున్న ఆ ఫలానా ఇంట్లో ఎలా గడుస్తుంది? మూడింటికీ నిజాయితీగా జవాబు రాసుకుంటే చాలా కుటుంబాలకి నిర్ణయం దానంతట అదే తేలిపోతుంది.

ఒక వారం పాటు నోట్‌బుక్కులో రాయండి. ఎన్నింటికి గొలుసు విప్పారు, ఎంతసేపు నడిచాడు, ఎవరు తీసుకెళ్ళారు, ఎవరు పలకరించారు. మీరు రాసినదాన్ని బట్టి మామగారు ఉన్నప్పుడు బ్రౌనీకి తెల్లవారుజామున మహేంద్రతనయ నది గట్టుదాకా నడక, వచ్చాక పెరుగన్నం, పగలు అరుగు మీద ఆయన కుర్చీ పక్కన నిద్ర, సాయంత్రం బజారు దాకా ఇంకో తిరుగుడు. ఇప్పుడు పెరట్లో మెట్ల కింద గొలుసు. ఆ గొలుసు పొడవు ఎంతో నేల మీదే తెలుస్తుంది చూడండి, మేకు చుట్టూ గడ్డి లేకుండా నున్నగా అరిగిన గుండ్రటి చోటు. అయిదేళ్ళ లాబ్రడార్‌కి ఏడాదిగా ప్రపంచం ఆ గుండ్రమే. మనిషిని పోగొట్టుకుంది, నడక పోయింది, చెవి నొప్పి వచ్చింది, వీటికి తోడు ఎటు తిరిగినా మీదికొచ్చే చిన్నపిల్లాడు. వాణ్ణి పొగరుబోతు కుక్క అనుకోవడానికి నాకు మనసొప్పదు. పొట్టి గొలుసుతో ఎక్కువసేపు కట్టెయ్యడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కని నడిపించకపోవడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం కూడా. మిమ్మల్ని భయపెట్టడానికి కాదు, ‘ఉంచుకోవడం’ అంటే కట్టేసి అన్నం పెట్టడమే అనుకునేవాళ్ళ కోసం చెబుతున్నాను.

ఆ నోట్‌బుక్కులోనే పక్క పేజీలో పనులు రాయండి. పొద్దున్న నడక, సాయంత్రం నడక, అన్నం, పెరడు కడగడం, చెవిలో మందు, ఏడాదికోసారి టీకా, మూడు నెలలకోసారి పురుగుల మందు, బాబుకీ కుక్కకీ మధ్య కాపలా. ప్రతి పని ఎదురుగా ఒక మనిషి పేరు. ‘అందరం చూసుకుంటాం’ అని రాయొద్దు. అన్ని గీతల్లోనూ మీ పేరే వస్తే, మీరు ఇప్పటికే పసివాడితో, అత్తగారి సేవతో, వంటతో సతమతమవుతుంటే, ఆ పని జరగదు. జరగకపోవడం మీ తప్పూ కాదు. మన ఇళ్ళలో కుక్కని తెచ్చేది మగవాళ్ళూ పిల్లలూ, చూసుకునేది ఇంటి కోడలు. ‘నా వల్ల కాదు’ అని ఆవిడ అంటే అది పూర్తి కారణం. దాని పక్కన వేరే సాకు వెతకనక్కర్లేదు.

పేర్లు పంచుకోగలిగితే మాత్రం ఒక ఆరు నుంచి ఎనిమిది వారాలు గట్టిగా ప్రయత్నించమంటాను. ఎవరైనా నమ్మకమైన కుర్రాణ్ణి నెలజీతం మీద పొద్దున్నా సాయంత్రం నడకకి పెట్టండి. వీధి గుమ్మం నుంచి పెరటి దాకా పోయే నడవాలో, పెరటి వైపు ఒక అడ్డతలుపు పెట్టించండి. పెద్దవాళ్ళెవరూ చేతికందే దూరంలో లేనప్పుడు బాబూ కుక్కా ఆ తలుపుకి ఇటూ అటూ ఉండాలి. ‘వంటింట్లోంచి చూస్తూనే ఉన్నాను’ అంటే లెక్కలోకి రాదు, మీరు నాలుగడుగులు వేసేలోపు అయిపోతుంది. పసిపిల్లల మొహం సరిగ్గా కుక్క మూతి ఎత్తులో ఉంటుంది, అందుకే చిన్నపిల్లలకి కాట్లు ఎక్కువగా చెంపా పెదవీ మీదే పడతాయి. నొప్పి తగ్గాక, తలుపుకి అవతల బాబు కనబడిన ప్రతిసారీ ఇవతల పెద్దవాళ్ళు బ్రౌనీకి చిన్న గుడ్డుముక్క వెయ్యండి, బాబు వెళ్ళిపోగానే ఆపెయ్యండి. బాబు వస్తే మంచి జరుగుతుందని కుక్కకి కొన్ని వారాల్లో పట్టుబడుతుంది. బాబు చేత మాత్రం పెట్టించకండి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే కోపం పోతుందని ఎవరో ఒకరు చెబుతారు. ఆపరేషన్ మంచిదే, వీధులు పట్టుకుని తిరగడం తగ్గుతుంది, కానీ పిల్లాణ్ణి చూసి గుర్రుమనడానికి అది మందు కాదు.

ఈ ప్రయత్నం చేశాక కూడా, కొన్నిచోట్ల చేసే వీలే లేకపోయినా, ఇవ్వడమే మంచిదని నేను చెప్పే ఇళ్ళున్నాయి. రెండు గదుల అద్దె ఇల్లు, తలుపు పెట్టడానికి చోటు లేదు, ఇంట్లో పాకే పిల్ల, ఆ పిల్లని చూస్తే బిగుసుకుపోయే కుక్క. అక్కడ రోజూ అదృష్టాన్ని నమ్ముకుని బతకాలి, పసిబిడ్డ విషయంలో అలా బతకకూడదు. ఇంటి యజమానికి పక్షవాతమో క్యాన్సరో వచ్చి, చూసుకునే ఒక్క మనిషీ ఆస్పత్రి చుట్టూ తిరుగుతున్న ఇల్లు. ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కలు పడక, రక్తాలు వచ్చేలా కొట్టుకుంటూ, ఒకదాన్ని ఎప్పుడూ గదిలో పెట్టి తాళం వెయ్యాల్సి వచ్చే ఇల్లు. కుక్క స్వభావం ఒకటి, ఇంటి తీరు ఇంకొకటి అయినచోట కూడా అంతే. గొర్రెల్ని కాయడానికో పోలీసు పనికో పుట్టిన జాతిని ఫొటో చూసి తెచ్చుకుని మూడో అంతస్తు బాల్కనీలో పెడితే అది కనబడిందల్లా కొరికేస్తుంది, దానికి చెయ్యడానికి పని లేదు మరి. గోపాల్‌పూర్ వైపు మే నెల ఉక్కలో మంచు ప్రాంతాల కుక్క హస్కీని పెంచేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. పగలంతా స్నానాల గచ్చు మీద నాలుక వేలాడేసి పడుకునే కుక్కకి చల్లటి చోట ఉన్నవాళ్ళెవరైనా దొరికితే ఇవ్వడమే దాని మీద ప్రేమ.

కాటు ఎంత లోతన్నది కూడా చూడాలి. ఇయాన్ డన్‌బార్ అనే పశువైద్యుడు కాట్లని ఆరు స్థాయిలుగా విడదీశారు, ప్రపంచమంతా వాడతారు. మొదటిది ఒంటికి పళ్ళు తగలకుండా గాల్లో కొరకడం. రెండోది పళ్ళు తగిలి, చర్మంలో గుచ్చుకోకపోవడం. మూడోది ఒక్క కాటులో ఒకటి నుంచి నాలుగు గాట్లు, కోరపంటిలో సగం లోతు మించకుండా. నాలుగోది అంతకంటే లోతుగా దిగడం, పట్టుకుని ఊపడం. అయిదోది పదేపదే అలా కరవడం, ఆరోది ప్రాణం తీయడం. మీ బ్రౌనీది రెండో స్థాయి, అదీ నొప్పి మీద. వాడు పళ్ళని అదుపులో పెట్టుకున్నాడు. అందుకే ప్రయత్నించమంటున్నాను. మూడో స్థాయి కాటయితే అనుభవమున్న డాక్టరు, శిక్షకుడు చూడకుండా ఎవరూ ఏమీ చెప్పకూడదు. నాలుగు, అంతకుమించితే పిల్లలున్న ఇంట్లో ఉంచమని నేను ఎవరికీ చెప్పను.

కారణాలుగా చెప్పేవాటిలో కొన్ని నిలవవు, వాటిని త్వరగా చెప్పేస్తాను. కోడలు నీళ్ళోసుకుంది కాబట్టి కుక్క ఉండకూడదనడం సరికాదు, వెంట్రుకలు కడుపులోకి పోయి బిడ్డకి తగులుకుంటాయన్నది ఉత్తి మాట. టీకా, పురుగుల మందు, చేతులు కడుక్కోవడం చాలు. విశాఖపట్నంలోనో భువనేశ్వర్‌లోనో ఫ్లాట్ కొనుక్కున్నాం, అసోసియేషన్ వద్దంటోందనేవాళ్ళకి: జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది, అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కల్ని నిషేధించకూడదు. అద్దె ఇల్లయితే అది యజమానితో మాట్లాడుకోవాల్సిన సంగతి. బదిలీ అయితే రైల్లో తీసుకెళ్ళొచ్చు, ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకుంటే మీతోనే ఉంటుంది, లేదంటే గార్డు బోగీలో కుక్కల పెట్టె ఉంటుంది. ఏడాది లోపు కుక్క చెప్పులన్నీ కొరికేస్తోందంటే అది వయసు, ఓపిక పడితే పోతుంది. డాక్టరు తేల్చిన ఎలర్జీ, పిల్లాడికి ఉబ్బసం, ఇవి మాత్రం నిజమైన కారణాలు.

ఇప్పుడు జీడితోట. ఈ పరిష్కారం గజపతి, గంజాం జిల్లాల్లో, ఆంధ్రా వైపు ఉద్దానంలో వినని ఇల్లు లేదు. ‘తోటలో హాయిగా పరిగెడుతుంది’ అంటారు. ఏ తోటో నేనడుగుతాను. మనుషులు కాపురముండే తోట, కుక్కని ఇంటి దగ్గరే పడుకోబెట్టుకునే కుటుంబం అయితే సంతోషం. చాలా తోటల్లో సంగతి వేరు. కాపుకాసే మనిషి జీడిపిక్కలు ఏరే రోజుల్లో ఉంటాడు, ఆ తర్వాత ఎప్పుడో ఒకసారి వస్తాడు. తను తాగే చోడి అంబలిలోంచి నాలుగు గరిటెలు పోస్తాడు, ఆయన మాత్రం ఇంకేం పెట్టగలడు? రాత్రి ఒంటరిగా చెట్టుకి గొలుసు. ఎలుగుబంట్లు తిరిగే చోటు, అడవిపందుల కోసం పెట్టిన ఉచ్చులు, కరెంటు తీగలు. పిడుదులు ఒళ్ళంతా పట్టి రక్తం లాగేస్తే చూసేవాళ్ళుండరు. గచ్చు మీద, మనుషుల మధ్య పెరిగిన లాబ్రడార్ గొలుసు తెంచుకుంటే ఇంటి దారి వెతుక్కుంటూ రోడ్డెక్కుతుంది, లేదా పక్క ఊరి కుక్కల గుంపులో పడుతుంది. తమ హద్దులోకి వచ్చిన కొత్త కుక్కని అవి బతకనివ్వవు. ఊరి చివర దింపేసి రావడం గురించి వేరే చెప్పనక్కర్లేదు. ఆకలికో దాహానికో వదిలెయ్యడం కూడా ఇందాకటి చట్టం కింద నేరమే. అత్తగారి తమ్ముడి తోటకి మీరే ఒకసారి వెళ్ళండి. రాత్రి ఎవరు పడుకుంటారు, కుక్క ఎక్కడ పడుకుంటుంది, జబ్బు చేస్తే ఎవరు ఆస్పత్రికి తీసుకెళ్తారు అని అడగండి. మూడింటికీ మనిషి పేరు వినబడితే ఆలోచించండి.

ఇవ్వాలనే తేలితే, ఇల్లు వెతకడానికి నెలో రెండు నెలలో పడుతుందని ముందే అనుకోండి. తెలిసినవాళ్ళ తెలిసినవాళ్ళలో అడగండి, మీ పశువుల డాక్టరుకి చెప్పండి, ఆయనకి ఈమధ్యే కుక్కని పోగొట్టుకున్న ఇళ్ళు తెలుస్తాయి. పిల్లలు లేని, లేదా పిల్లలు పెద్దవాళ్ళయిన ఇల్లు చూడండి. ముక్కూమొహం తెలియనివాళ్ళు ‘జాతి కుక్కా? ఈరోజే తీసుకెళ్తాం’ అని ఎగబడితే ఇవ్వకండి. అలా తీసుకెళ్ళి కాన్పుల మీద కాన్పులు చేయించి పిల్లల్ని అమ్ముకునేవాళ్ళున్నారు. ఆడకుక్కయితే ఆపరేషన్ చేయించాకే చెయ్యి మార్చాలి, మగకుక్కకీ చేయించడం మంచిది.

వాళ్ళకి నిజం మొత్తం చెప్పండి. గుర్రుమన్నది, చెవి లాగితే నోరు వేసింది, ఏ తారీకున, ఏ పరిస్థితిలో. దీని మీద నేను రాజీపడను. ‘చెబితే ఎవరు తీసుకుంటారు’ అని దాచిపెట్టి ఇస్తే, రేపు ఆ ఇంటికి వచ్చిన మనవడి మొహం మీద కాటు పడితే ఆ పాపంలో మీ వాటా ఉంటుంది. నిజం విన్నాక కూడా తీసుకుంటామనేవాళ్ళే ఆ కుక్కకి కావలసినవాళ్ళు.

రాయగడ నుంచి బరంపురంలోని ఒక రిటైర్డ్ మాస్టారి ఇంటికి వెళ్ళిన కుక్కని దగ్గరుండి చూశాను. ఆ దంపతులు ముందు రెండుసార్లు వచ్చి దానితో గడిపారు, నడకకి తీసుకెళ్ళారు. ఇచ్చే రోజున పాతవాళ్ళు దాని గోనెపట్టా ఉతక్కుండా అలాగే తెచ్చారు, తినే స్టీలు గిన్నె తెచ్చారు, ఎన్నింటికి ఏం తింటుందో కాగితం మీద రాసిచ్చారు. మొదటి మూడు రోజులు అది సరిగా తినలేదు, గేటు దగ్గరే కూర్చుంది. మాస్టారు బతిమాలలేదు, పక్కన మోడా వేసుకుని పేపరు చదువుకున్నారు. నాలుగో రోజు లేచి గిన్నె దగ్గరికి వెళ్ళింది. కుక్కల్ని ఇళ్ళు మార్చేవాళ్ళు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అంటారు. మొదటి మూడు రోజులు బెదురు, మూడు వారాలకి ఇంటి పద్ధతి తెలుస్తుంది, మూడు నెలలకి నా ఇల్లు అనుకుంటుంది. మొదటి వారాల్లోనే పారిపోయే ప్రమాదం ఎక్కువ, కాబట్టి పెరట్లోకి తీసుకెళ్ళినా తాడు ఉండాలి, మెడపట్టీ మీద ఫోను నంబరు ఉండాలి. దీపావళి ముందో, బరంపురం ఠాకురాణి జాతర సందడిలోనో ఇల్లు మార్చకండి. వేసవిలో అయితే ప్రయాణం తెల్లవారుజామునే. ఒడియా మాట్లాడే ఇల్లయితే ‘రా’, ‘కూర్చో’, ‘వద్దు’ లాంటి మీ మాటలు వాళ్ళ లిపిలో రాసివ్వండి, కొత్తల్లో ఆ మాటలు వినబడితే కుక్కకి ధైర్యం. టీకాల కార్డు, యాజమాన్యం మారినట్టు చిన్న కాగితం, ‘మీకు కుదరకపోతే ఎవరికీ ఇవ్వకండి, మాకే తిరిగి ఇవ్వండి’ అనే మాట, ఇవి తప్పనిసరి. మొదటి నెల మీరు చూడ్డానికి వెళ్ళకుండా ఫోన్లో కనుక్కుంటే కుక్కకి సుళువు.

అన్ని కుక్కలనీ ఇవ్వలేం, ఇదీ చెప్పాలి. పన్నెండేళ్ళ ముసలి కుక్క, చూపు తగ్గింది, కాళ్ళు పడిపోతున్నాయి, దానికి కొత్త ఇల్లు వెతకడం దయ అనిపించుకోదు. దానికి తెలిసిన గోడలు, తెలిసిన గొంతులే మిగిలాయి. ఉన్నన్నాళ్ళు మీరే చూసుకోండి, బాధ భరించలేనిదైతే డాక్టరు చేత నొప్పి లేకుండా కన్ను మూయించండి, తల మీద చెయ్యేసి పక్కనే ఉండండి. మనుషుల్ని లోతుగా, పదేపదే కరిచిన కుక్క విషయంలోనూ అంతే. జబ్బు ఏమీ లేదని తేలి, శిక్షణ పని చెయ్యక, ఏ ఇంట్లోనూ క్షేమంగా ఉంచలేమని డాక్టరు అంటే, దాన్ని ఇంకొకరి గుమ్మంలోకి తోసెయ్యడం కంటే ఇంజెక్షనే న్యాయం. నా చేతుల మీదుగా అలా పోయినవి ఉన్నాయి, ఏ ఒక్కటీ తేలిగ్గా చెయ్యలేదు.

మీవారి గురించి ఒక్క మాట. ‘నాన్న కుక్క’ అన్నప్పుడు ఆయన మాట్లాడుతున్నది వాళ్ళ నాన్నగారి గురించి. ఆ దుఃఖాన్ని కొట్టిపారెయ్యకండి, కానీ వారానికి ఒకటిన్నర రోజు ఇంట్లో ఉండే మనిషి మిగతా రోజుల నిర్ణయం ఒక్కరే చెయ్యలేరు. ఈ శనివారం ఆయన రాగానే నోట్‌బుక్కు ముందు పెట్టండి, అత్తగారినీ కూర్చోబెట్టండి. ఆదివారం రెండు పూటలా బ్రౌనీని ఆయనే గట్టుదాకా తీసుకెళ్ళాలి, నడిపే కుర్రాడి జీతం ఆయన జేబులోంచి రావాలి. ఆరు వారాలు ఒప్పుకుని, ఏ తారీకున మళ్ళీ ముగ్గురూ కూర్చుంటారో కేలండర్ మీద గుర్తు పెట్టండి. ఆ తారీకుకి చెవి నయమై, గుర్రుమనడం ఆగి, పనులు జరుగుతుంటే ఉంచుకోండి. చెవి నయమయ్యాక కూడా బాబుని చూసి బిగుసుకుపోతుంటే, లేదా పనులన్నీ మళ్ళీ మీ నెత్తినే పడితే, ఆరోజే ఇల్లు వెతకడం మొదలుపెట్టండి. నిజం చెప్పి, ఇల్లు చూసి, మంచి చేతుల్లో పెడితే అందులో పాపం ఏమీ లేదమ్మా.

అడ్డతలుపు మాత్రం శనివారం దాకా ఆగకూడదు. వడ్రంగిని రేపే పిలిపించండి. బాబు ఎక్కలేనంత ఎత్తు, బ్రౌనీ ముందుకాళ్ళు వేసి తోసినా ఊగని చట్రం, చువ్వల మధ్య బాబు తల పట్టనంత సందు. గొళ్ళెం పైన, మీ చేతికి మాత్రమే అందేలా పెట్టమనండి.